భూసార కార్డులో సూక్ష్మజీవుల లెక్క వేస్తే, ఏ లెక్క వేయాలి?

సంపాదకుడు గారికి,

భూసార పరీక్షలో సూక్ష్మజీవుల సంఖ్య కూడా చెప్పాలన్న కోరిక రైతు సభల్లో తరచూ వినిపిస్తోంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పీహెచ్ (ఆమ్ల–క్షార గుణం), ఈసీ (లవణాల స్థాయి), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ ఉన్నాయి. ఈ పన్నెండింటిలో నేలలోని జీవాన్ని నేరుగా కొలిచేది ఒక్కటీ లేదు. లోటు నిజమే. అయితే ‘గ్రాముకు ఇన్ని లక్షలు’ అని ల్యాబు ఇచ్చే అంకె ఆ లోటును పూడ్చదు. ఆ అంకె తక్కువ వచ్చిందని ‘మీ నేల చచ్చిపోయింది’ అంటూ డబ్బాల కొద్దీ ద్రావణాలు అమ్మజూపడం మరీ అన్యాయం.

అంకె ఎలా వస్తుందో చూడండి. 10 గ్రాముల మట్టిని 90 మి.లీ. స్టెరిలైజ్ చేసిన 0.85 శాతం ఉప్పునీటిలో వేసి అరగంట కుదుపుతారు. దాన్ని పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోతారు. పదివేలో వంతు పలచనలోంచి 0.1 మి.లీ. తీసి న్యూట్రియెంట్ అగార్ (బ్యాక్టీరియాకు తిండి కలిపిన జెల్లీ) ప్లేటు మీద పరుస్తారు. 28–30 డిగ్రీల దగ్గర రెండు రోజులుంచి, 30 నుంచి 300 లోపు కాలనీలు (కంటికి కనబడే బ్యాక్టీరియా గుంపులు) ఉన్న ప్లేటును లెక్కపెడతారు. 87 కాలనీలొస్తే గ్రాముకు 87 లక్షలు. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ అదే మట్టికి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే వంద కోట్లకు అటూ ఇటూగా కణాలు కనబడటం మామూలే. అంటే ప్లేటు మీద మొలిచింది నూటికి ఒకటి కూడా కాదు. పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తికి కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి, ఊరి జనాభా ఇంతేనని రాసుకున్నట్టుంటుంది. ఈ తేడా శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. 1985లో స్టాలీ, కొనోప్కా దీన్ని ‘మహా ప్లేట్ కౌంట్ వైపరీత్యం’ అన్నారు.

మిగతావి ఎందుకు మొలవవు? చాలావాటికి మనం పెట్టే తిండే ఎక్కువ. న్యూట్రియెంట్ అగార్‌లో లీటరుకు 5 గ్రాముల పెప్టోన్ (జీర్ణమైన ప్రోటీన్), దానిపైన 3 గ్రాముల మాంససారం ఉంటాయి. మట్టిలో బ్యాక్టీరియా నెలల తరబడి అరకొర తిండితో బతుకుతుంది. ఇంత తిండి ఒక్కసారిగా దొరికితే బాసిల్లస్, సూడోమోనాస్ వంటి ఆబగా పెరిగే జాతులు ఒక్క రాత్రిలో ప్లేటంతా ఆక్రమిస్తాయి. నిదానంగా విభజన చెందేవాటికి రెండు రోజులు కాదు, వారాలు కావాలి. అప్పటికి ప్లేటు చెత్తబుట్టలో ఉంటుంది.

కొన్నింటికి అసలు ఆ తిండితో పనే లేదు. మీరు చల్లిన యూరియా అమ్మోనియాగా మారాక దాన్ని నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్ అమ్మోనియా నుంచే శక్తి తీసుకుంటుంది. మాంససారం ప్లేటు మీద దాన్ని వెతకడం దండగ. వరి మడిలో మీథేన్ పుట్టించేవి గాలి తగిలితే పెరగవు. వేరులో కాపురముండే వ్యామ్ శిలీంధ్రానికి బతికున్న వేరే కావాలి. అందుకే దాన్ని జొన్న, మొక్కజొన్న వేర్ల మీద పెంచి అమ్ముతారు. ఇనుమును పట్టుకునే సైడరోఫోర్‌నో, ఒక విటమిన్‌నో సొంతంగా చేసుకోలేక పక్క జీవి చేసినదాని మీద ఆధారపడేవీ ఉన్నాయి. వాటిని ఒంటరిగా ప్లేటు మీద పెడితే ఏమీ రాదు.

ఈ తిండిని వండటంలో తప్పు కూడా ఉంది. ఫాస్ఫేట్, అగార్ కలిపి ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే పాత్రలో, పెడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. సున్నితమైన బ్యాక్టీరియాను అది అణిచేస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా 121 డిగ్రీల దగ్గర ఉడికించి, చల్లారాక కలిపితే కాలనీలు పెరుగుతాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఖర్చు లేని మార్పు ఇది. ఇప్పటికీ ఎన్ని ల్యాబుల్లో రెండూ ఒకే ఫ్లాస్కులో ఉడుకుతున్నాయో!

పద్ధతి మారితే అంకె ఎంత మారుతుందో ఆస్ట్రేలియా పచ్చిక నేల మీద 2002లో జాన్సెన్ బృందం చేసిన పనిలో తెలుస్తుంది. తిండిని నూరో వంతుకు తగ్గించి, అగార్‌తో గట్టిపరిస్తే మైక్రోస్కోపు లెక్కలో 5.2 శాతం మొలిచాయి. అగార్ బదులు గెల్లాన్ అనే మరో గట్టిపరిచే జిగురు వాడితే 7.5 శాతం. మట్టి గడ్డలను అల్ట్రాసౌండ్‌తో ముందే విడగొడితే 14.1 శాతం. ఒకటే మట్టి, మూడు అంకెలు. ఇందులో ఏది కార్డులో రాస్తారు?

జీవామృతం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. బెల్లం, పప్పుపిండి, పేడ కలిపి 48 గంటలు పులియబెడితే, చక్కెర దొరకగానే త్వరగా పెరిగేవే అందులో వృద్ధి అవుతాయి. ప్లేటు మీద మొలిచేవీ అలాంటివే. కాబట్టి జీవామృతం ప్లేటు లెక్క ఘనంగా ఉంటుంది, పొలం మట్టి లెక్క వెలవెలబోతుంది. జీవామృతం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఈ పోలిక మాత్రం దానికి సాక్ష్యం కాదు.

ప్లేటు లెక్క పనికొచ్చే చోటు ఉంది: జీవన ఎరువుల నాణ్యత. రైజోబియం (పప్పుధాన్యాల వేర్లలో నత్రజనిని స్థిరీకరించే బ్యాక్టీరియా) ప్యాకెట్‌లో ఉండాల్సింది ఒకే రకం, అది ప్లేటు మీద చక్కగా మొలుస్తుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి. అధికారులు దుకాణాల నుంచి శాంపిళ్లు తీసి ఈ పరీక్ష గట్టిగా చేయించాలి.

నేలకు మాత్రం శ్వాస, అంటే అందులోని జీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్, కొలవండి. 0–15 సెం.మీ. లోతు నుంచి తీసిన మట్టిని ఎండబెట్టకుండా 2 మి.మీ. జల్లెడ పట్టి, నీటిని పట్టి ఉంచే సామర్థ్యంలో 60 శాతం తేమకు తెచ్చి, 50 గ్రాములు గాలి చొరని సీసాలో పెట్టాలి. లోపల చిన్న బీకరులో 20 మి.లీ. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఉంచాలి; ఆ వాయువును పీల్చుకునేది ఈ క్షారమే. మట్టి లేని సీసా ఒకటి పోలిక కోసం బ్లాంక్‌గా పక్కన పెట్టుకోవాలి. 25–28 డిగ్రీల దగ్గర మూడు రోజులయ్యాక క్షారంలో బేరియం క్లోరైడ్ కలిపి, ఫినాఫ్తలీన్ సూచికగా 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేసి, మిగిలిన క్షారాన్ని కొలవాలి. బ్లాంక్‌తో వచ్చే ప్రతి మి.లీ. తేడా 2.2 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం మొలవకపోయినా ఊపిరి తీస్తాయి. ఇది పాడయ్యేది ఎక్కువగా శాంపిల్ దగ్గరే. భూసార పరీక్షకు నీడలో ఆరబెట్టిన మట్టినే మళ్లీ తడిపి వాడితే, తడి తగలగానే శ్వాస ఒక్కసారి ఎగసి అబద్ధపు అంకె వస్తుంది. మట్టిని 4 డిగ్రీల దగ్గర ఉంచి కొద్ది రోజుల్లోనే పరీక్షించాలి.

మట్టిలోని డీఎన్‌ఏను బట్టి జీవులను లెక్కించే పరీక్షనూ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. మట్టిలో చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా నిలవుంటుంది, యంత్రం దాన్నీ లెక్కేస్తుంది.

మొలవనివాటిని వదిలేయమని కాదు. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన విభాగాధిపతిగా ఉన్న అమెరికా మందుల కంపెనీ లెడర్లీ నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ మట్టి జీవిదే. 2015లో వెల్లడైన టీక్సోబాక్టిన్ అనే మరో యాంటీబయోటిక్ అంతవరకు ల్యాబులో పెరగని బ్యాక్టీరియా నుంచి వచ్చింది. చిన్న అరల్లో ఒక్కో కణాన్ని బంధించి, సన్నని పొరల మధ్య తిరిగి మట్టిలోనే పాతిపెట్టి దాన్ని పెంచారు. మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి పనికి నిధులు కావాలి.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒక్కటే. కార్డులో జీవ సూచిక చేర్చేటప్పుడు శ్వాసను చేర్చండి. ఏ ల్యాబైనా ప్లేటు లెక్క ఇస్తే, వాడిన మాధ్యమం (ప్లేటులోని తిండి), ఉష్ణోగ్రత, ఉంచిన రోజులు ఆ అంకె పక్కనే ముద్రించాలని నిబంధన పెట్టండి.

– నేల సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు