అగ్నివీర్ పరుగూ, బడి క్యాంటీనూ

సంపాదకునికి,

సైన్యంలో చేరడానికి జరిగే అగ్నివీర్ ర్యాలీలో పరుగుకు పూర్తిగా 60 మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల ట్రాక్‌పై ఒక్కో చుట్టుకు 82.5 సెకన్ల చొప్పున నాలుగు చుట్లు. బొద్దుగా ఉన్న కుర్రాడు రెండు చుట్లు లాక్కొచ్చినా మూడో చుట్టులో చతికిలబడతాడు. పుల్‌అప్స్‌లోనూ అంతే, ఒంట్లో పేరుకున్న ప్రతి కిలోనూ పదిసార్లూ చేతులే మోయాలి. బడి వయసు నుంచి చేరిన కొవ్వు మూడు నెలల కోచింగ్‌తో కరగదు.

మధ్యాహ్న భోజనంలో 6-8 తరగతుల పిల్లలకు లెక్క ప్రకారం బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు. పప్పు పలచబడి, కూర తగ్గితే పళ్లెంలో మిగిలేది అన్నమే. ప్రైవేటు బడుల సంగతి ఇంకా అన్యాయం: క్యాంటీన్‌లో సమోసా, చిప్స్, పైగా 200 మి.లీ. మామిడి డ్రింకు. ఆ ఒక్క ప్యాకెట్లోనే సుమారు 25 గ్రాముల చక్కెర!

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. ఆహార భద్రతాధికారులు టేపు పట్టుకుని కొలవాలి. క్యాంటీన్ ఒప్పందంలోనే ఉడికించిన శనగలు, గుడ్డు, మజ్జిగ, అరటిపండు అని రాయించాలి. తొమ్మిది, పది తరగతుల్లో లెక్కల మాస్టారు లాగేసుకుంటున్న ఆటల పీరియడ్‌ను వెనక్కివ్వాలి.

- ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు