టురాంగి వ్యాన్ డ్రైవరమ్మకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

ఆదివారం రాత్రి పదకొండయింది. పిక్కలు పట్టేసి ఉన్నాయి, నాన్న పక్క గదిలో పడుకున్నారు, నాకు నిద్ర రావట్లేదు. రేపు డ్యూటీలో పడితే మళ్లీ రాయలేనని ఇప్పుడే కూర్చున్నాను.

నాన్నకి 66. కర్నూలు నుంచి వచ్చారు, వచ్చే నెల వెళ్లిపోతారు. ఇక్కడ న్యూజిలాండ్‌లో అగ్నిపర్వతాల మీదుగా వెళ్లే కొండదారి, టొంగరీరో ఆల్పైన్ క్రాసింగ్, ఆయనతో ఒక్క రోజులో నడవగలమా అని మీలో చాలామందిని అడిగాను కదా, నడిచాం. సుమారు 20 కిలోమీటర్లు. మామూలుగా ఏడెనిమిది గంటలు పడుతుందంటారు, మాకు పది గంటల పది నిమిషాలు పట్టింది. నాన్న ఏటా అలిపిరి మెట్లు ఎక్కే మనిషే, కానీ అక్కడ దారంతా నీళ్లుంటాయి, నీడ ఉంటుంది, ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇక్కడ నీళ్లు కూడా మనమే మోసుకెళ్లాలి.

ఇదంతా జరగడానికి కారణం ఒక్క మనిషి. ఆ కొండల దగ్గరి ఊరు టురాంగిలో షటిల్ వ్యాన్ నడిపే ఒక పెద్దావిడ, మావోరీ (ఇక్కడి మూలవాసి) ఆవిడ. పేరు రాయొద్దంది, రాయను.

నడక మంగటెపోపో దగ్గర మొదలై కొండకి అవతల కెటెటాహి వైపు ముగుస్తుంది. సీజన్లో మంగటెపోపో దగ్గర నాలుగు గంటలకి మించి కారు ఆపనివ్వరు, కాబట్టి షటిల్ తప్పదు. మాది శనివారానికి బుక్ చేశాను. గురువారం సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. "శనివారం పైన గాలి గంటకి 65 కిలోమీటర్లు దాటుతుంది, మీ నాన్నగారితో వద్దమ్మా, ఆదివారం రండి" అని. అడగకుండానే తేదీ మార్చేసింది. ఒక్క డాలర్ ఎక్కువ తీసుకోలేదు.

ఇక బస బుక్ చేసిన సైటు సంగతి చెప్పకుండా ఉండలేను. శుక్రవారం గదిని శనివారానికి మార్చమన్నాను. 24 గంటలకి తక్కువ టైముంది, కుదరదన్నారు. రెండు గంటలు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ముగ్గురు మారారు, ముగ్గురూ అదే మాట. రెండుసార్లు డబ్బు కట్టాం. వాతావరణం బాగోకపోతే వెనక్కి తిరగండి అని కొండ దగ్గర బోర్డులు పెడతారు, ఇటు చూస్తే ప్లాన్ మార్చుకున్నవాళ్ల డబ్బు పోతుంది. ఆ డబ్బు చూసుకునే వద్దన్న రోజున కూడా జనం కొండెక్కేస్తారు. ఇది మారాలి.

ఆదివారం పొద్దున అయిదున్నరకి, ఇంకా చీకటి. వ్యాన్ ఎక్కబోతుంటే ఆవిడ నాన్న కాళ్ల మీద టార్చ్ వేసింది. నాన్నవి వాకింగ్ షూస్, అడుగు నున్నగా అరిగిపోయింది. నేనెన్నో లిస్టులు చదివాను, రెయిన్ జాకెట్లు, గ్లోవ్స్, టోపీలు అన్నీ సర్దాను, ఆ అడుగు మాత్రం తిప్పి చూడలేదు. ఆవిడ ఏమీ అనకుండా షెడ్డులోకి వెళ్లి ఒక జత బూట్లు తెచ్చింది. వాళ్ల తమ్ముడివట. ఒకదానికి ఎర్ర లేసు, రెండోదానికి లేసు తెగిపోతే కట్టిన ఆకుపచ్చ తాడు. లోపల ఉన్ని సాక్సు. నాన్నకి సరిగ్గా సరిపోయాయి.

మంగటెపోపోలో దిగాక ఆవిడ కంకర మీద మోకాళ్ల మీద కూర్చుని నాన్న బూట్లు కట్టడం మొదలుపెట్టింది. నాన్న కంగారుపడి "అయ్యో వద్దమ్మా, నా కాళ్లు పట్టుకోకూడదు" అంటూ వెనక్కి జరిగారు. ఆవిడకి తెలుగు రాదు, కానీ అర్థమైంది. "మాటువా, కూర్చో" అంది. మాటువా అంటే వాళ్ల భాషలో తండ్రి, పెద్దాయన. ఎక్కేటప్పుడు పైన వదులుగా ఉండాలి, దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు, రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం అంచు మీద ఆగి మడమ దగ్గర మెలి వేసి బిగించాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్లు ముందుకి కొట్టుకుంటాయని చెప్పి, నా చేత రెండుసార్లు కట్టించి చూసింది. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. నేను కూతుర్ని, నాకు తట్టని పని ముక్కూమొహం తెలియని మనిషి చేసింది.

రెడ్ క్రేటర్ 1,900 మీటర్లకి కాస్త తక్కువ. అక్కడి నుంచి దిగడం అంతా వదులు బూడిద, రాళ్లు, అడుగేస్తే అర అడుగు జారుతుంది. ఆవిడ చెప్పినట్టే కూర్చుని బిగించాను. నాన్న నేల మీద అరచెయ్యి పెట్టి "వెచ్చగా ఉందే!" అన్నారు, చిన్నపిల్లాడిలా నా చెయ్యి కూడా లాగి పెట్టించారు. కింద పచ్చగా ఎమరాల్డ్ సరస్సులు, గంధకం వాసన. ఆ నీళ్లు వాళ్లకి పవిత్రం, ముట్టుకోవద్దని వ్యాన్‌లోనే చెప్పింది. 1887లో వాళ్ల పెద్ద, టె హెయుహెయు, ఈ శిఖరాలని కానుకగా ఇస్తేనే ఈ టొంగరీరో నేషనల్ పార్కు వచ్చిందని కూడా. నాన్న ఒడ్డున దూరంగానే నిలబడి టోపీ తీసి దణ్ణం పెట్టారు.

చివరి వ్యాన్ నాలుగింటికి. మేం కిందికి చేరేసరికి 4:40. మధ్యలో ఫోన్ సిగ్నల్ లేదు, ఉన్నచోట తీసే ఓపిక లేదు. వ్యాన్ వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. అక్కడే ఉంది. మిగతావాళ్లని ఇంకో వ్యాన్‌లో పంపించేసి, మెట్టు మీద కూర్చుని ఉంది. నాన్న 31 ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపారు. ఆవిడ చెయ్యి పట్టుకుని "నేనూ డ్రైవర్నేనమ్మా" అని తెలుగులోనే అన్నారు. నేను అనువదించబోతే గొంతు రాలేదు.

మా ఆయన ఆక్లాండ్ నుంచి టురాంగి దాకా నాలుగు గంటలు డ్రైవ్ చేసి, రోజంతా పాపని చూసుకున్నారు. అత్తయ్య పులిహోర కట్టిచ్చారు.

రెయిన్ జాకెట్లు ఇచ్చిన హామిల్టన్ అక్కకి థాంక్స్, ఉతికి పంపిస్తాను. గురువారం రాత్రి ఫోన్లో టెన్షన్ పడొద్దని మొత్తం రూటు చెప్పిన నెల్లూరు తమ్ముడికి కూడా. అయ్యో, దిగేటప్పుడు నాన్న బ్యాగు రెండు కిలోమీటర్లు మోసిన ఆ ఇద్దరు జర్మన్ అమ్మాయిలు! పేర్లు కూడా అడగలేదు.

బూట్లు తుడిచి షెడ్డు దగ్గర పెట్టి వచ్చాం. ఆకుపచ్చ తాడు తీసి కొత్త లేసు వేద్దామన్నాను, టురాంగిలో ఆ టైముకి షాపు తెరిచి లేదు. పోస్టులో పంపుతాను.