అఫిడవిట్ పంపకముందే తేల్చుకోవలసిన సంగతి

ఎడిసన్, జులై 6

చి.సౌ. సింధూకి,

నాన్న ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

పెన్సిల్వేనియాకి మారారు, మీ వాడికి బడి బదులు ఇంట్లోనే చదువు చెప్పుకుందామనుకుంటున్నారు. అలాంటి కుటుంబాల తరఫున లాయర్లను పెట్టే హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్‌లో చేరాలా, డబ్బు దండగా అని అడిగావు. ముందు జవాబు చెప్పేస్తాను: ఈ ఒక్క ఏడాదికి చేరండి. చేరేదేదో, ఇంట్లో చదువు చెబుతామని స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (అక్కడి ప్రభుత్వ బడుల ఆఫీసుకి) అఫిడవిట్ పంపకముందే చేరండి. సభ్యత్వం తీసుకునే నాటికే గొడవ మొదలై ఉంటే దాన్ని వాళ్లు నెత్తికెత్తుకుంటారన్న భరోసా ఉండదు. డిస్ట్రిక్ట్ నుంచి ఉత్తరం వచ్చాక చేరదాంలే అనుకునేవాళ్లు సరిగ్గా అక్కడే చిక్కుకుంటారు.

మీరు న్యూజెర్సీలో ఉండగా అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. ఇక్కడి చట్టం బడిలో కాకపోతే మరోచోట దానికి సమానమైన చదువు చెప్పించమంటుంది, అంతే. 1967లో మాసా కేసులో కోర్టు కూడా చదువు సమానంగా ఉందా లేదా అన్నదే చూడాలంది. ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు, పరీక్ష లేదు, ఫైలు లేదు. డెలావేర్ నది దాటేసరికి కథ మారింది. పెన్సిల్వేనియాలో 1988 దాకా చట్టం ఎంత గజిబిజిగా ఉండేదంటే, ఏ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి తోచింది ఆ సూపరింటెండెంట్ అడిగేవాడు. జెఫరీ కేసులో ఫెడరల్ జడ్జి ఇది మరీ అస్పష్టమని కొట్టేశాక, ఆ ఏడాదే ఇంటి చదువుల చట్టం, యాక్ట్ 169, వచ్చింది. అందులో ఏం ఇవ్వాలో, ఎప్పటికివ్వాలో అంతా రాసి ఉంది. మీకు పని ఎక్కువే, కాదనను. కానీ రాసి ఉన్నదానికి మించి అడిగే హక్కు ఆఫీసుకూ లేదు. ఈ సంఘం ఉపయోగపడేది ఆ మించి అడిగిన చోటే.

అందుకని ముందు మీ కాగితం గట్టిగా ఉండాలి. నోటరీ చేయించిన అఫిడవిట్ మొదటిసారి చదువు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఏటా ఆగస్టు 1 లోగా ఇవ్వాలి. అందులో నీ పేరు, పిల్లవాడి పేరు, వయసు, చిరునామా, ఫోను ఉండాలి. నిర్ణీత సబ్జెక్టులు ఇంగ్లిష్‌లో చెబుతామన్న మాట ఉండాలి. తెలుగు ఎంతైనా నేర్పుకో, అది అదనం. లెక్కలూ సైన్సూ మాత్రం ఇంగ్లిష్‌లోనే అని రాయాలి. సబ్జెక్టులవారీగా ఈ ఏడాది ఏం నేర్పాలనుకుంటున్నావో ఒక పేజీ జతచెయ్యి. మనవాళ్లు ఇక్కడ ఉత్సాహపడి సిలబస్ మొత్తం ఎక్కిస్తారు, అక్కర్లేదు. ఆ పేజీని పట్టుకుని మీరు చట్టం తప్పారని సూపరింటెండెంట్ తేల్చకూడదని చట్టమే అంటోంది. సబ్జెక్టుకి రెండు మూడు వాక్యాలు చాలు. టీకాల రికార్డు, వైద్య పరీక్షల రుజువు కూడా పెట్టాలి. వాడు మూడో తరగతి కాబట్టి దంత పరీక్ష ఈ ఏడాదే పడుతుంది. డెంటిస్ట్ దగ్గర కాగితం ఇప్పుడే తీసుకో.

ఇంకొకటి చాలామంది చూడరు. గత అయిదేళ్లలో ఫలానా నేరాలకు శిక్ష పడలేదని నువ్వు ధ్రువీకరించేది నీ ఒక్కదాని గురించే కాదు, ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లందరి గురించి. మీ అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటే వాళ్లనీ కలుపుకునే సంతకం పెట్టు.

చిన్నదాని పేరు ఈ ఏడు రాయకు. పెన్సిల్వేనియాలో నిర్బంధ చదువు ఆరేళ్లకు మొదలవుతుంది, దానికి అయిదే. కిండర్‌గార్టెన్‌లో చేర్చకపోతే ప్రస్తుతానికి దాని గురించి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

వాణ్ణి అక్కడి బడిలో చేర్చి కొన్నాళ్లు చూద్దామని అల్లుడుగారు అంటున్నారన్నావు. చూడండి, కానీ మాన్పించే రోజు వస్తే అఫిడవిట్ ముందు, మాన్పించడం తర్వాత. ఈ రెండూ తారుమారైతే రాని రోజులన్నీ అకారణ గైర్హాజరు కింద పడతాయి. మూడు రోజులకు ట్రూయెంట్ (బడి ఎగ్గొట్టినవాడు), ఆరు రోజులకు హ్యాబిచువల్ ట్రూయెంట్ (అదే అలవాటైనవాడు). పదిహేనేళ్ల లోపు పిల్లలైతే అక్కడినుంచి విషయం కౌంటీ పిల్లల సంక్షేమ శాఖ దాకా వెళ్లగలదు. ఇళ్లకు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం చదువు చెప్పలేక వచ్చేవి కావు, ఇలా తేదీలు తప్పి వచ్చేవి. పంపేది సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపు. ఆఫీసులో చేతికిస్తే నీ నకలు మీద తేదీ వేయించుకో.

ఇక లాయరుతో పని ఎక్కడ పడుతుందంటే: డిస్ట్రిక్ట్ తన సొంత ఫారం నింపమంటుంది, ముఖాముఖి రమ్మంటుంది, పాఠ్యపుస్తకాల జాబితా కావాలంటుంది, ఏడాది చివర పోర్ట్‌ఫోలియో (పిల్లవాడు చేసిన పని కూర్చిన ఫైలు) పట్టుకు రమ్మంటుంది. 2014లో చట్టం మారాక పోర్ట్‌ఫోలియోని ఎవాల్యుయేటర్ (చదువు సరిగ్గా సాగిందో లేదో చూసే అర్హత ఉన్న మనిషి) చూస్తే చాలు, డిస్ట్రిక్ట్‌కి ఆయన ధ్రువపత్రం ఒక్కటే వెళ్తుంది. కొన్ని ఆఫీసుల్లో పాత ఫారాలే నడుస్తుంటాయి, అంతకు మించి దురుద్దేశం ఉండదు. మొదటి జవాబు నువ్వే మర్యాదగా, చట్టం సెక్షన్ నంబరు 1327.1 వేసి రాయొచ్చు. రెండోసారీ అదే అడిగితే అప్పుడు సంఘం లాయరు ఉత్తరం రాయాలి. నిజానికి మీరు కొనుక్కునేది ఆ రెండో ఉత్తరాన్ని. ఏడాదికి నూరు డాలర్లు దాటే రుసుము; బయటి లాయరు దగ్గర ఆ డబ్బుకి గంట సమయం కూడా రాదు.

సంక్షేమ శాఖ మనిషి తలుపు తట్టడం అరుదు. తడితే, ఆరోపణ ఏమిటో అడగండి, వారెంటు ఉందా అని అడగండి, లోపలికి రమ్మనే ముందు సంఘానికి ఫోను చేయండి. కాలాబ్రెట్టా కేసులో 1999లో వారెంటు లేకుండా ఇంట్లోకి రావడం తప్పని తీర్పు తెచ్చింది ఈ సంఘం లాయర్లే. అది కాలిఫోర్నియా వైపు అప్పీళ్ల కోర్టు. పెన్సిల్వేనియాను కట్టడి చేయదు, అయినా వాదనకు పనికొస్తుంది.

ఏది రాదో కూడా తెలుసుకో. ఇది ఇన్సూరెన్సు కాదు. వీసా సంగతులు వాళ్లవి కావు. ఇంట్లోనే కూచుని చదివే సైబర్ చార్టర్ స్కూలు చట్టం దృష్టిలో ప్రభుత్వ బడే, కాబట్టి అటు వెళ్తే ఈ సభ్యత్వంతో పనే లేదు. చట్టాన్ని తప్పించుకోవడానికీ ఇది దారి కాదు: మతస్వేచ్ఛ పేరుతో ఈ యాక్ట్‌నే సవాలు చేసిన పెన్సిల్వేనియా కుటుంబాల తరఫున వాదించి 2008లో మీ వైపు అప్పీళ్ల కోర్టయిన థర్డ్ సర్క్యూట్‌లో ఓడిపోయారు.

వాళ్లెవరో తెలిసి చేరండి. 1983లో మైకేల్ ఫారిస్, మైకేల్ స్మిత్ పెట్టిన క్రైస్తవ సంస్థ, వర్జీనియాలోని పర్సెల్‌విల్‌లో ఉంది. ఎవరైనా చేరవచ్చు, మతం అడ్డు కాదు. కానీ మీ రుసుము కేసులకే పోదు, లాబీయింగ్‌కీ పోతుంది. ఉదాహరణకి, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని అమెరికా ఆమోదించకూడదని వాళ్లు గట్టిగా పోరాడతారు. ఇండియా అయితే 1992లోనే ఒప్పుకుంది. ఆ రాజకీయం అల్లుడుగారికి నచ్చకపోతే దాన్ని తేలిగ్గా తీసెయ్యకు. ఆ డబ్బుని పక్కన పెట్టుకుని, అవసరం పడితే స్కూలు చట్టం తెలిసిన లాయర్ని పట్టుకోవడం కూడా సరైన నిర్ణయమే. మీది కొత్త రాష్ట్రం, మొదటి ఏడాది, అక్కడ తెలిసినవాళ్లు లేరు. అందుకే నా మొగ్గు ఇటు.

వచ్చే ఏడు సభ్యత్వం మానేయాలంటే ఈ ఏడాది ఫైలు సాఫీగా ముగియాలి. 180 రోజులు లేదా 900 గంటలు చదువు చెప్పాలి. రోజులు లెక్కపెట్టడం సులువు, క్యాలెండర్ మీద టిక్కు పెట్టు. చదివిన పుస్తకాల పేర్లు ఏ రోజువి ఆ రోజే లాగ్‌లో (రోజువారీ చిట్టాలో) రాయి. జూన్‌లో కూచుని ఏడాదంతా గుర్తుచేసుకుంటే అది లాగ్ కాదు. సబ్జెక్టుల్లో అగ్నిప్రమాదాల జాగ్రత్త విడిగా ఉంది, అందరూ మరిచిపోయేది అదే. ఎవాల్యుయేటర్ని మార్చికే మాట్లాడుకో, మే నెలలో దొరకరు. ధ్రువపత్రం జూన్ 30 లోగా అందాలి. అందకపోతే సర్టిఫైడ్ ఉత్తరం వస్తుంది, పది రోజులే గడువు.

ఇక్కడి మన గుంపు పిల్లలకు కూడా నువ్వు పాఠాలు చెప్పాలనుకుంటున్నావు కదా. నీది హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చే వీసా), వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. వాళ్ల దగ్గర రూపాయి, డాలరు ఏదీ తీసుకోకు.

మూడో తరగతిలో రీడింగ్‌కీ లెక్కలకీ గుర్తింపు ఉన్న పరీక్ష రాయించాలి. పాస్ మార్కంటూ లేదు, భయపడకండి. కానీ తల్లిదండ్రులు రాయించకూడదు, కాబట్టి నువ్వూ పనికిరావు, అల్లుడుగారూ పనికిరారు. నేను పనికొస్తాను. ఐయోవా అనే పరీక్ష తెప్పించేటట్టయితే రాయించేవారికి డిగ్రీ ఉండాలంటారు, నా బీకాం సర్టిఫికెట్టు స్కాన్ పంపిస్తాను. తేదీ ఒక నెల ముందు చెప్పు.

మీ నాన్న