వార్షిక నివేదిక 2025–26: పసిబిడ్డల సాయం, డైపర్ల ఖర్చు

మన పెరంబూరు తెలుగు సంఘం గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లలకు ఆదివారం తెలుగు తరగతులు, బడులు తెరిచే జూన్‌లో నోటుపుస్తకాల పంపిణీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వీటికి సాయపడ్డ వారందరికీ పేరుపేరునా సమావేశంలో కృతజ్ఞతలు చెబుతాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం పసిబిడ్డలున్న ఇళ్లకు మనం చేసిన సాయం గురించే ఉంటుంది. ఏడాదంతా మన శ్రమ ఎక్కువగా పోయింది అక్కడే.

చెన్నైలోని పుళియంతోపు, ఓట్టేరి, వ్యాసర్పాడిలో పారిశుద్ధ్య పనికీ, ఇళ్లల్లో పనికీ, లోడింగ్ పనికీ వెళ్లే మన తెలుగు కుటుంబాల్లో రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇళ్లను చూసి రావాలని పోయినేడు తీర్మానం చేశాం. పాలపొడి, దుప్పట్లు, దోమతెరలు ఇద్దామన్నది అప్పటి మన ఆలోచన. తీరా ఇళ్లకు వెళ్లి అడిగితే తల్లులు చెప్పింది వేరు. బియ్యం రేషన్ షాపులో వస్తున్నాయి, టీకాలు ఉచితంగా వేస్తున్నారు, డైపర్లే కొనలేకపోతున్నాం అన్నారు.

ఈ మాట కార్యవర్గంలో పెడితే పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. మన పిల్లల్ని డైపర్లు లేకుండా పెంచలేదా, ఇదంతా కొత్త సోకు అన్నారు. వారి మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. అప్పట్లో పెరడు ఉండేది, దండెం ఉండేది, బిడ్డను ఎత్తుకోవడానికి నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉండేవారు. ఇప్పుడు హౌసింగ్ బోర్డు బ్లాకులో మూడో అంతస్తు, ఒక గది, కింద కుళాయి దగ్గర పట్టిన నీళ్లు ప్లాస్టిక్ బిందెలతో పైకి మోసుకోవాలి. బిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు తడుపుతుంది. ఆ గుడ్డలన్నీ ఉతకడానికి నీళ్లు ఏవి? ఆరెయ్యడానికి చోటేది? తల్లి పొద్దున ఆరింటికే పనికి వెళ్లాలి. బిడ్డను పక్కింట్లో వదిలితే, డైపర్ వేసి తీసుకురా అని వాళ్లూ మొహమాటం లేకుండా చెబుతున్నారు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టాలన్నా బిడ్డకు రెండేళ్లు నిండాలి.

లెక్క చూడండి. పెట్టెకొట్టులో విడిగా కొంటే డైపర్ ఒకటి పది రూపాయల చుట్టూ ఉంది. పెద్ద ప్యాకెట్ కొంటే తక్కువ పడుతుంది. కానీ రోజు కూలి మీద బతికే ఇంట్లో పెద్ద ప్యాకెట్‌కు ఒకేసారి డబ్బు తీయలేరు. అందుకే డబ్బున్న వాడి కన్నా లేని వాడే ఒక్కో డైపర్‌కు ఎక్కువ ఇస్తున్నాడు. రోజుకు నాలుగంటే నెలకు 120, అంటే 1,200 రూపాయలు. 2023 సెప్టెంబరు 15న మొదలైన కలైంజర్ మగళిర్ ఉరిమై తొగై (తమిళనాడు ప్రభుత్వ మహిళల హక్కు సొమ్ము పథకం) కింద ఇంటి ఇల్లాలికి నెలకు వచ్చేది 1,000 రూపాయలు. ఆ డబ్బంతా దీనికే పెట్టినా చాలదు. అందుకని ఏం చేస్తున్నారంటే, ఒకే డైపర్‌ను రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచేస్తున్నారు. ఓట్టేరిలో ఒక ఇంట్లో తడిసిన డైపర్‌ను ఫ్యాన్ కింద ఆరబెట్టి మళ్లీ వేయడం మన మహిళా సభ్యులు కళ్లారా చూశారు. బిడ్డ తొడల మధ్య చర్మం ఎర్రగా పుండైపోయి ఉంది. ఆ పిల్లను అదే రోజు ఎగ్మూరు పిల్లల ఆస్పత్రికి తీసుకువెళ్లిన మన మహిళా విభాగం వారికి నమస్కారం చేస్తున్నాను.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదని అనడం న్యాయం కాదు. తమిళనాడులో 1987 నుంచి ఉన్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సాయం ఇప్పుడు మొత్తం 18,000 రూపాయలు. అందులో 14,000 నగదు, విడతలుగా బ్యాంకులో పడుతుంది. మిగతాది ఒక్కొక్కటి 2,000 విలువైన రెండు పోషకాహార కిట్లు: నెయ్యి, ఖర్జూరం, హెల్త్ మిక్స్, ఐరన్ టానిక్ వగైరా. సర్కారు ఆస్పత్రిలో కాన్పు అయినవారి కోసం 2015లో వచ్చిన పసిబిడ్డ కిట్‌లో వెయ్యి రూపాయల విలువైన 16 వస్తువులు పెట్టారు. సబ్బు, నూనె, తువ్వాలు, దోమతెర, గిలక్కాయతో పాటు గుడ్డ న్యాప్‌కిన్ కూడా అందులో ఉంది. కేంద్రం మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆస్పత్రిలో వైద్యం ఉచితం. ఆరు నెలలు దాటితే అంగన్‌వాడీ నుంచి పిండి. ఇవన్నీ తిండికీ, కాన్పుకీ, మందులకీ. బిడ్డ పుట్టిన మొదటి వారం దాటాక రెండేళ్లపాటు రోజూ అయ్యే ఈ ఖర్చుకు మాత్రం ఏ పథకంలోనూ పద్దు లేదు.

అమెరికా నుంచి సెలవుకు వచ్చిన మన సభ్యుల అమ్మాయి ఒకరు చెబితే తెలిసింది, అక్కడా ఇదే గొడవట. పేద తల్లులకూ పసిపిల్లలకూ పోషకాహారం ఇచ్చే విక్ పథకంలో గానీ, ఫుడ్ స్టాంపుల్లో గానీ డైపర్లు కొనడానికి వీల్లేదు. 2024 ఆగస్టు నుంచి టెన్నెసీ రాష్ట్రం పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ కింద రెండేళ్లలోపు పిల్లలకు నెలకు 100 డైపర్ల దాకా ఇస్తోంది. ప్రభుత్వం తలచుకుంటే చేయగలదనడానికి ఇదొక దారి కనిపించింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర జరిగిన మంచి ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పసిపిల్లల న్యాప్‌కిన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పెద్ద ప్యాకెట్ల మీద తేడా తెలిసింది. విడిగా అమ్మే పెట్టెకొట్లలో మాత్రం పది రూపాయలు పది రూపాయలుగానే ఉంది. అందుకే సౌకార్‌పేట హోల్‌సేల్‌లో పెద్ద ప్యాకెట్లు కొని, విప్పి, కొన్న ధరకే వారానికి సరిపడా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాం. అప్పు పుస్తకం కూడా పెట్టాం. జీతం రాగానే తల్లులు తీరుస్తున్నారు. వీళ్లకు అప్పిస్తే తిరిగి రాదన్న సభ్యులు దయచేసి ఆ పుస్తకం ఒకసారి చూడాలి.

ఇక కాగితాల సంగతి. ప్రసూతి సాయం రావాలంటే గర్భం తెలిసిన వెంటనే పేరు నమోదు చేయించుకుని పిక్మీ (సర్కారు గర్భిణుల నమోదు) నంబరు తీసుకోవాలి. మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి, సూళ్లూరుపేటకో నాయుడుపేటకో పుత్తూరుకో వెళ్లిపోతారు. ఆధార్‌లో ఆంధ్రా అడ్రసు, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందు, ఇక్కడి కార్డులో తండ్రి పేరు ఇనీషియల్. మూడు చోట్లా మూడు పేర్లు. దాంతో డబ్బు ఆగిపోతుంది. శనివారం సాయంత్రాలు సంఘం ఆఫీసులో కూర్చుని ఈ కాగితాలు సరిచేసి పెట్టిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి గారికి మనం ఎంత చెప్పినా తక్కువే. కొందరికి నెలల తరబడి ఆగిన విడతలు ఆయన పుణ్యమా అని పడ్డాయి. ఒక ఆరోగ్య కేంద్రంలో మాత్రం, రేపు రండి, సర్వర్ లేదు, మేడం మీటింగ్‌కు వెళ్లారు అని బాలింతలను ఎండలో తిప్పారు. చంకలో నెలల బిడ్డ, చేతిలో జెరాక్సుల సంచి పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి కుర్చీ వేయడానికి ఏ జీవో కావాలి? మనం రాసిచ్చిన విన్నపాలకు ఇంతవరకు జవాబు లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది సంక్రాంతి తర్వాతి ఆదివారం జరిగిన పొత్తిగుడ్డల పంపిణీ. నెల ముందు నుంచే పెరంబూరు, విల్లివాక్కం, అయనావరం ఇళ్లల్లో పాత నూలు చీరలు, పంచెలు, లుంగీలు సేకరించాం. మెత్తబడిన నూలు తప్ప ఏదీ తీసుకోలేదు. పాలిస్టర్ వస్తే మర్యాదగా తిరిగి ఇచ్చేశాం. వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మన టైలరింగ్ అక్కలు నాలుగు పొరలు వేసి అంచులు కుట్టారు. గుండీ లేదు, పిన్ను లేదు, పసిబిడ్డకు గుచ్చుకోకుండా రెండు వైపులా నాడాలు. నడుము పెరిగే కొద్దీ వదులు చేసుకోవచ్చు. పగలు ఇవి, రాత్రికీ బయటికి వెళ్లేటప్పుడూ డైపర్. ఇలా చేస్తే నెల ఖర్చు సగం కన్నా తగ్గుతుందని ముందే వాడి చూసిన తల్లులే మైకు పట్టుకుని చెప్పారు. హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఒక నర్సమ్మ బొమ్మను పెట్టి, ఎంతసేపటికి మార్చాలి, పౌడరు ఎందుకు వద్దు, పుండైతే జింక్ ఆక్సైడ్ క్రీము ఎలా రాయాలి అన్నీ చూపించారు. ఉచితంగా హాలిచ్చిన కల్యాణమండపం యజమానికి, సాంబారన్నం వండిన క్యాటరింగ్ తమ్ముడికి, షామియానా అద్దె తీసుకోని సభ్యుడికి, కుట్టుమిషన్లు ఆటోలో తెచ్చి దింపిన కుర్రాళ్లకు ధన్యవాదాలు. ముఖ్య అతిథిగా వస్తామని మాటిచ్చిన అధికారి రాలేదు. బిడ్డలు ఏడుస్తుంటే చాలాసేపు ఎదురుచూశాం. చివరికి అందరికంటే ఎక్కువ కుట్టిన పెద్దమ్మ చేత జ్యోతి వెలిగించాం.

డిసెంబరు మొదట్లో దిత్వా తుఫాను వానలకు గుడ్డలు ఆరే దారి లేక ఈ తల్లులు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. వంటగదిలో స్టవ్ పైన తాడు కట్టి ఆరేశారు. అది ప్రమాదమని చెప్పాం. కానీ వేరే దారి చూపకుండా చెప్పడం దండగ. ఆ వారం రోజులూ డైపర్లు ఉచితంగానే ఇచ్చాం. వానాకాలానికి ముందే నిల్వ పెట్టుకోవాలి.

వాడిన డైపర్లను కాలువలో పడేయవద్దని ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాం. గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది; విడిగా ఇవ్వాలని 2026 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త నియమాలు చెబుతున్నాయి. రేపు వాటిని చేత్తో ఎత్తేది మన ఇళ్ల వాళ్లే కదా.

లెక్కల పట్టిక వెనక పేజీలో ఉంది, ఆడిటర్ సంతకం అయింది. కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. పసిబిడ్డల ఖాతాలో మిగులు లేదు, అప్పు కూడా లేదు. చందా బాకీలున్న వారు ఈ రోజే కట్టి రసీదు తీసుకోవలసిందిగా మనవి.

ఒక్క మాట నొప్పించినా చెప్పక తప్పదు. పోయిన సమావేశంలో ఇళ్లకు వెళ్లి చూసే పనికి చేతులెత్తిన వారిలో ఎక్కువ మంది ఒక్క వారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ట్రాఫిక్ అన్నారు, పెళ్లి అన్నారు. పంపిణీ రోజు ఫొటోకు మాత్రం ముందు వరుసలో ఉన్నారు. బరువంతా నలుగురైదుగురు ఆడవాళ్ల మీద పడింది. వాళ్లకూ ఇళ్లున్నాయి, ఉద్యోగాలున్నాయి. ఇలాగే సాగితే వచ్చే ఏడాది ఈ పని ఆగిపోతుంది.

సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ప్రసూతి సాయంలో ఉతికి వాడుకునే న్యాపీలు కనీసం రెండు డజన్లు చేర్చాలని ఆరోగ్య శాఖ మంత్రిగారికి తమిళంలో వినతిపత్రం, దాని మీద సభ్యులందరి సంతకాలు. పనికి వెళ్లే తల్లుల కోసం రెండేళ్లలోపు పిల్లలకు వార్డుకొక శిశు కేంద్రం ఇవ్వాలని కార్పొరేషన్‌కు మరొకటి. మూడోది మన కోసం: అక్టోబరులోగా నాలుగు నెలల డైపర్ల నిల్వకు ప్రత్యేక విరాళం. శనివారాలు రాగలిగిన వారు పేరు, వార్డు, ఏ వేళ వీలవుతుందో తలుపు దగ్గరి పుస్తకంలో రాయండి. రాలేని వారు రాయకండి.

ఇట్లు,
కార్యదర్శి, పెరంబూరు, చెన్నై