సంక్రాంతి బుకింగులకు ముందు ఒక మాట: పిల్లుల కళ్ల విషయంలో మా కొత్త నిబంధన

మా బోర్డింగులో పిల్లులను వదిలి ఊళ్లకు వెళ్లే వినియోగదారులకు నమస్కారం.

ఈ సంక్రాంతి నుంచి, కంట్లో ఎరుపు, చిక్కని పుసి, తుమ్ములు వీటిలో ఏది కనిపించినా ఆ పిల్లిని చేర్చుకోము; ముందుగా చెల్లించిన సొమ్మును పూర్తిగా తిరిగి ఇస్తాము. ఏడాదిలో మాకు రాబడి బాగా వచ్చేది పండుగ వారంలోనే. అయినా బస్సు టిక్కెట్లు చేతిలో పెట్టుకుని వచ్చినవారిని గుమ్మం నుంచే వెనక్కి పంపవలసి వస్తుంది కనుక కారణం ముందే రాస్తున్నాము.

పిల్లులకు వచ్చే కళ్లకలకకు తరచుగా హెర్పిస్ వైరస్ మూలం. ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో అది జీవితాంతం నరాలలో అణగి ఉండి, ఇల్లు మారినా, ఇంటికి కొత్త పిల్లి వచ్చినా, బోర్డింగులో వదిలినా ఆ బెదురుకు మళ్లీ పైకి లేస్తుంది. అంటే ఆరోగ్యంగా వచ్చిన పిల్లికి కూడా మా దగ్గర కొన్ని రోజులకు కన్ను ఎర్రబడవచ్చు. ఎంత శుభ్రత పాటించినా దీనిని పూర్తిగా ఆపగలమని మేము చెప్పలేము. టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే గాని సోకకుండా పూర్తిగా అడ్డుకోదు, అయినా టీకా లేని పిల్లిని తీసుకోము. క్లమిడియా అనే బాక్టీరియా వల్ల వచ్చే కళ్లకలక సాధారణంగా ఒక కంటితో మొదలై రెండో కంటికి పాకుతుంది. దానికి చుక్కలు మాత్రమే చాలవు. ఇంట్లోని పిల్లులన్నింటికీ దాదాపు నాలుగు వారాలు నోటి ద్వారా మందు ఇవ్వవలసి వస్తుంది.

నిద్ర లేచాక కంటి మూలన కాస్త ఎండిన పుసి ఉండడం, చదును ముఖపు పర్షియన్ పిల్లులకు నీరు కారి చారలు పడడం చూసి మేము వెనక్కి పంపము. పసుపుపచ్చ లేదా ఆకుపచ్చ పుసి, పంజాతో కన్ను రుద్దుకోవడం కనిపిస్తే పశువైద్యుని వద్దకు వెళ్లాలి. కన్ను తెరవలేకపోయినా, కనుగుడ్డుపై పొగ కమ్మినట్లు మసక ఉన్నా అదే రోజు వెళ్లాలి.

"ఏదైనా చుక్కల మందు ఇవ్వండి" అని కౌంటరు వద్ద అడిగేవారు చాలామంది. మేము కంటి మందులు అమ్మము. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఎరుపును త్వరగా తగ్గించి బాగైపోయిందనిపిస్తాయి. కానీ కార్నియాపై, అంటే కనుగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరపై, పుండు ఉంటే అది మానకుండా లోతుగా దిగి, కన్నే పోయే ప్రమాదం ఉంది. పుండు ఉందో లేదో పైకి చూసి చెప్పలేము. వైద్యులు ఫ్లోరసీన్ అనే రంగు వేసి చూస్తారు, పుండు ఉన్నచోట అది ఆకుపచ్చగా మెరుస్తుంది. తల్లిపాలు, పసుపు నీళ్లు కూడా వద్దు. నందివర్ధనం పూలంటారా, వాటిని కళ్లపై పెట్టించుకునే పిల్లిని మేమింకా చూడలేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది శుభ్రం చేయడం. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదిని ఎండిన పుసిపై కాసేపు ఆనించి, మెత్తబడ్డాక ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవాలి. ఏ కంటికి ఆ కంటికి వేరే దూది వాడాలి. వైద్యులు రాసిన చుక్కలు వేసేటప్పుడు సీసా మొన కంటికి తగలకూడదు. కన్ను తేటపడిందని మధ్యలో మందు ఆపవద్దు. ముక్కు మూసుకుపోయి వాసన తెలియని పిల్లి తిండి మానేస్తుంది కనుక ఆహారాన్ని కొద్దిగా వేడి చేసి పెట్టండి. రోజంతా ఏమీ తినకపోతే మళ్లీ వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. ఈ హెర్పిస్ మనుషులకు సోకదు, అయినా మరో పిల్లిని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి.

తుమ్ము తుంపరలు పక్క పిల్లిపై పడకుండా బోనుల మధ్య దూరం పెంచుతున్నాము, కాబట్టి ఈసారి తక్కువ పిల్లులనే తీసుకుంటాము, రోజువారీ ధర కొంత పెరుగుతుంది. గతంలో కంటి జబ్బు వచ్చి తగ్గిన పిల్లి అయితే ఆ మందుల చీటీ కూడా వెంట తీసుకురండి.