మళ్లీ మళ్లీ దిగాలనిపించే రేవులు, ఈ సీజన్‌కి మా మార్పులు

నమస్కారం. మా విజయవాడ ఆఫీసు నుంచి ఒకసారి క్రూజ్‌కి వెళ్లొచ్చిన వాళ్లు ఈ మధ్య తరచుగా ఒకటే అడుగుతున్నారు: "సింగపూర్ షిప్పు ఎక్కాం, చూశాం. రెండోసారి ఎక్కితే డబ్బు దండగ కాని రూట్ ఏది?" ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పే బదులు, ఈ సీజన్ నుంచి మేం చేస్తున్న మార్పులతో కలిపి ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మాకు క్యాబిన్ మీద కమీషన్ వస్తుంది. రేవులో దిగాక బస్సులో తిప్పే టూర్లు మా ద్వారా తీసుకుంటే వాటి మీదా వస్తుంది. అంటే షిప్పు దిగి కాలినడకన తిరిగే ఊళ్లలో మాకు మిగిలేది తక్కువ. కానీ రెండోసారి, మూడోసారి కూడా విసుగు పుట్టించనివి ఆ ఊళ్లే. అందుకని ఇకపై మా కొటేషన్లో టూర్లు కలపం. క్యాబిన్, పోర్టు ఛార్జీలు, షిప్పులో రోజుకి మనిషికి ఇంతని వేసే టిప్పు, ఇంతవరకే ఉంటుంది. టూరు కావాలంటే విడిగా అడగండి, రేటు చెప్తాం. మలేషియాలోని పెనాంగ్‌లో మేం నడిపే గ్రూప్ టూరునైతే పూర్తిగా ఆపేస్తున్నాం.

ఎందుకంటే పెనాంగ్‌లో గైడు అవసరమే లేదు. సింగపూర్ నుంచి వెళ్లే చిన్న ట్రిప్పుల్లో నన్ను ఒక్క రేవు ఎంచుకోమంటే కళ్లు మూసుకుని పెనాంగ్ అంటాను. షిప్పు ఆగే స్వెటెన్‌హామ్ పీర్ సరిగ్గా జార్జ్‌టౌన్ పాత ఊరి అంచునే ఉంటుంది. గేటు దాటి కాసేపు నడిస్తే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున దిగింది ఆ చుట్టుపక్కలే. అక్కడినుంచి లిటిల్ ఇండియా కూడా నడిచే దూరమే. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ గుడి, పక్క వీధిలో భారతీయ ముస్లిం వర్తకులు కట్టించిన కపితాన్ కెలింగ్ మసీదు, అదే దారిలో చైనా వాళ్ల కరుణాదేవి గుడి, ఆ చివర 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి ఉంటాయి. ఇవన్నీ ఒకే పూటలో, బస్సు ఎక్కకుండా చూడొచ్చు. 2008లో మలక్కాతో కలిపి ఈ పాత ఊరికి యునెస్కో వారసత్వ హోదా ఇచ్చారు. అందుకే పాత దుకాణాల వరసలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి.

శాకాహారులకి ఇక్కడ టెన్షన్ లేదు. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం, దోసె, ఫిల్టర్ కాఫీ దొరుకుతాయి. ఎక్కువగా వినిపించేది తమిళమే. మన చిత్తూరు, నెల్లూరు కస్టమర్లు దిగీదిగగానే బేరాలు మొదలుపెట్టేస్తారు, మిగతావాళ్లకి ఇంగ్లిష్ సరిపోతుంది.

మొదటిసారి వెళ్లినవాళ్లు అర్మేనియన్ స్ట్రీట్‌లో సైకిల్ మీద పిల్లల బొమ్మ ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. దాన్ని 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ గీశాడు. అక్కడ క్యూ కూడా ఉంటుంది. రెండోసారి వెళ్తే ఆ క్యూ వదిలేసి చ్యూ జెట్టీకి వెళ్లండి. సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద ఇళ్లు కట్టుకున్న చైనా కుటుంబాల వాడ అది. జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు కాబట్టి గుమ్మాల్లోకి ఫోన్లు పెట్టి ఫొటోలు తీయకండి. ఖూ వంశం వాళ్ల భవనం ఖూ కాంగ్సీ కూడా రెండో ట్రిప్పుకి పెట్టుకోండి. దాని కప్పు మీది చెక్కడాలు చూడ్డానికే గంట పడుతుంది. పెనాంగ్ కొండ రైలు, కెక్ లోక్ సీ బౌద్ధాలయం ఊరికి దూరం, ట్యాక్సీలో వెళ్లాలి. షిప్పు సాయంత్రం దాకా ఆగితేనే పెట్టుకోండి. సెలవు రోజుల్లో కొండ రైలు క్యూ పెద్దది, షిప్పు మీ కోసం ఆగదు.

ఇదే రూట్లో వచ్చే పోర్ట్ క్లాంగ్ గురించి మాత్రం వేరేగా చెప్పాలి. బ్రోచర్లలో దాని పక్కనే కౌలాలంపూర్ అని రాస్తారు. నిజానికి ఊరు 40 కిలోమీటర్ల పైనే. బటు కేవ్స్‌లో 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, 272 మెట్లు, తర్వాత జంట టవర్ల దగ్గర ఫొటో, మళ్లీ ట్రాఫిక్. ఒకసారికి సరే. రెండోసారి చూడాలనుంటే విమానంలో నేరుగా కౌలాలంపూర్ వెళ్లి రెండు రాత్రులు ఉండండి, ఖర్చుకి తగ్గ ఫలితం ఉంటుంది.

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మనిషిని బట్టి. అక్కడి పతాంగ్ బీచ్ దగ్గర ఆగే షిప్పులు ఒడ్డుకి రావు, చిన్న బోట్లలో దింపుతారు. అలలు ఉన్నప్పుడు ఊగే బోటులోకి కాలు పెట్టాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలికి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఒక్కోసారి అసలు దించరు. అలా ఒక రేవు ఎగిరిపోతే మామూలుగా వెనక్కొచ్చేది పోర్టు ఛార్జీ మాత్రమే, టికెట్ డబ్బు కాదు. ఈ మాట బుకింగ్ అప్పుడే చెప్పేస్తున్నాం. ఇంకోటి, థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డున మీ ఫోన్ దానంతటదే మారిపోతుంది, షిప్పులో మాత్రం సింగపూర్ టైమే నడుస్తుండొచ్చు. తిరిగి ఎక్కాల్సిన వేళని షిప్పు గడియారంతోనే చూసుకోండి.

పాస్‌పోర్టు బాధ లేని రేవు కావాలంటే కొచ్చి. ముంబై నుంచి వెళ్లే షిప్పుల్లో వస్తుంది. షిప్పు ఆగే విల్లింగ్డన్ ద్వీపం సహజమైనది కాదు, రేవుని లోతు చేసినప్పుడు తవ్విన మట్టితో బ్రిటిష్ కాలంలో పెంచింది. అక్కడినుంచి పడవలో ఫోర్ట్ కొచ్చి దాటొచ్చు. వాస్కో డ గామాని 1524లో మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, చైనా వలలు అందరూ చూసేవే. నన్నడిగితే మట్టంచేరి ప్యాలెస్‌కి ఎక్కువ టైమ్ ఇవ్వండి. గోడల నిండా రామాయణ చిత్రాలు, మన పెద్దవాళ్లు ఒక్కో ఘట్టం గుర్తుపట్టుకుంటూ నిలబడిపోతారు. శుక్రవారం ప్యాలెస్ మూత, శనివారం యూదుల ప్రార్థనామందిరం మూత. షిప్పు ఏ రోజు ఆగుతుందో చూసి బుక్ చేసుకోండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు అలాస్కా గురించి అడుగుతున్నారు. అమ్మానాన్నలు వేసవికి వెళ్తారు, పిల్లలు సియాటిల్ నుంచి షిప్పు బుక్ చేసేస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా షిప్పు (అంటే వేరే దేశంలో రిజిస్టరైనది) అమెరికాలో ఎక్కించుకున్నవాళ్లని తిప్పి అక్కడే దింపాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు తాకాలి. అందుకే ఆ షిప్పులు కెనడాలో, ఎక్కువగా విక్టోరియాలో ఆగుతాయి. అమెరికా విజిటర్ వీసా మీద వెళ్లిన పెద్దవాళ్లకి కెనడా వీసా కూడా కావాలి. టికెట్ కొన్నాక తెలిస్తే చేసేదేం ఉండదు.

ఆ రూట్లో మళ్లీ వెళ్లదగ్గది జూనో. అలాస్కా రాజధాని అయినా బయటి నుంచి రోడ్డు లేదు, విమానమో నౌకో ఎక్కాల్సిందే. షిప్పులు ఆగే చోటి నుంచే రోప్‌వే కొండెక్కుతుంది, తిమింగలాలు చూపించే పడవలున్నాయి, మెండెన్‌హాల్ హిమానీనదం దాదాపు 20 కిలోమీటర్లు. ఆ మంచు ఏటా వెనక్కి పోతోంది, కాబట్టి చూసినవాళ్లకీ మళ్లీ అదే దృశ్యం ఉండదు. జనం తాకిడికి 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద షిప్పుల కంటే ఎక్కువ రాకుండా ఊరివాళ్లు ఒప్పందం చేసుకున్నారు. కెచికాన్‌లో వాన గ్యారంటీ, రెయిన్‌కోటు పెట్టుకోండి. స్కాగ్వే రైలు బాగుంటుంది గానీ ఒకసారికి చాలు.

వైజాగ్ నుంచి ఎప్పుడని రోజూ అడుగుతున్నారు. 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైన మాట నిజమే. కానీ ఏడాది పొడవునా అక్కడినుంచి బయల్దేరే షిప్పు మా దగ్గర అమ్మకానికి లేదు. లేనిదానికి అడ్వాన్సు తీసుకోం, ఇంకెవరైనా అడిగితే షిప్పు పేరు, తేదీ కాగితం మీద రాయించుకోండి.

సింగపూర్ రూట్ బుక్ చేసేవాళ్లు వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో ఒకసారి చూసుకోండి, షిప్పు తిరిగొచ్చినప్పుడు మళ్లీ దేశంలోకి అడుగుపెట్టాలి కదా. మలేషియా, థాయ్‌లాండ్ వీసా మినహాయింపులు మారుతుంటాయి, టికెట్ వేసే రోజున మేమే చూసి చెప్తాం. ఫోన్ చేసినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎంత నడవగలరు, భోజనంలో ఏం తినరు, ముందు ఏ రేవులు చూశారు, ఇవి చెప్తే చాలు. నవంబర్ నుంచి మార్చి దాకా పెనాంగ్ ఉన్న ట్రిప్పుల రేట్లు ఈ వారంలో వాట్సాప్‌లో పంపిస్తాం.