పొడిగింపులు వద్దు, గడువు ముందే చెప్పండి

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను గోదావరి ఒడ్డున, ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. జాతీయ ప్రవేశ పరీక్షల గురించి మీకు వచ్చే ఉత్తరాలు చాలావరకు లీకేజీల గురించో, గ్రేస్ మార్కుల గురించో, ర్యాంకుల గురించో ఉంటాయి. అది పరీక్ష రాసినవాళ్ళ గోడు. నేను రాస్తున్నది పరీక్ష హాలు గడప దాకా కూడా రాలేకపోయినవాళ్ళ గురించి. దరఖాస్తు చేసినవారు ఎందరు, హాజరైనవారు ఎందరు, అర్హత సాధించినవారు ఎందరు అని వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలతోపాటు, ఈ పరీక్షలు నిర్వహించే జాతీయ సంస్థ ఎన్‌టీఏ లెక్క చెబుతుంది. దరఖాస్తు చేద్దామనుకుంటుండగానే గడువు దాటిపోయినవారికి ఆ పట్టికలో గడి లేదు. కాబట్టి వాళ్ళు ఎవరికీ కనబడరు, మాలాంటి వాళ్ళకు తప్ప.

2025 సంగతే చూడండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు జరిపే సీయూఈటీకి 2025 మార్చి 1న దరఖాస్తులు మొదలయ్యాయి. గడువు 22 వరకు అన్నారు, ఆపై 24కు పొడిగించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు అదే మార్చి 1న మొదలై 20 వరకు జరిగాయి. తెలంగాణలో 5న మొదలై 25 దాకా సాగాయి. తెలంగాణ టైంటేబుల్లో చివరి పరీక్ష ఉన్న రోజుకు సీయూఈటీ తలుపు మూసుకుపోయింది. నీట్ దరఖాస్తులేమో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చి మొదటి వారంలో రాత పరీక్షలు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి పరీక్షలు కూడా ఫిబ్రవరి 15నే మొదలయ్యాయి కాబట్టి ఇది తెలుగు పిల్లలకు మాత్రమే జరిగిన అన్యాయమని నేను అనను. దేశమంతటా పదిహేడేళ్ళ పిల్లలు పుస్తకం మీద నుంచి తల ఎత్తకూడని వారాలనే మీ శాఖ ఏరి కోరి దరఖాస్తులకు కేటాయించినట్టుంది.

కార్పొరేట్ కళాశాలలో చదివే పిల్లవాడికి దీనివల్ల ఏమీ కాదు. అక్కడ దరఖాస్తులు నింపడానికే మనుషులు ఉంటారు. వాడు ఫోటో దిగి, తెల్లకాగితం మీద సంతకం చేసి స్టడీ అవర్‌కు వెళ్ళిపోతాడు. మా పిల్లలకు ఆ పని చేసిపెట్టేది ఎవరు? వీలున్నంత మేరకు అధ్యాపకులం, లేకపోతే మండల కేంద్రంలోని నెట్ సెంటరు. నీట్ దరఖాస్తు అంటే పేరు, పుట్టిన తేదీ రాసి పంపడం కాదు. తెల్లని నేపథ్యంలో చెవులు కనబడేలా ఫోటో కావాలి. రెండు చేతుల బొటనవేళ్ళతో సహా పది వేళ్ళ ముద్రలు కావాలి. సంతకం కావాలి. ప్రతి ఫైలూ ఇన్ని కేబీలకు తగ్గకూడదు, ఇన్ని కేబీలు దాటకూడదు. మా స్టాఫ్ రూమ్‌లో ఇంకు ప్యాడ్ చుట్టూ అమ్మాయిలు వరస కట్టి వేళ్ళు అద్దుతుంటారు. ఒకరి చిటికెన వేలు అలుక్కుపోతుంది, మళ్ళీ కొత్త కాగితం. ఫోను కెమెరాతో తీస్తే నీడ పడుతుంది, కిటికీ దగ్గరికి నడుస్తాం. ఇంతా అయ్యాక ఓటీపీ దగ్గర బండి ఆగుతుంది. పిల్లలు ఉండేది హాస్టల్లో, ఫోను ఉండేది అమ్మ దగ్గర, అమ్మ ఉండేది మిర్చి చేలో. ఫిబ్రవరి, మార్చి నెలలు మా దగ్గర మిర్చి ఏరే కాలం. కూలికి వెళ్ళిన మనిషి సాయంత్రం ఇల్లు చేరితే తప్ప ఫోను ఎత్తదు. చేలో సిగ్నల్ ఉండదు, ఓటీపీ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది.

ఢిల్లీలో కూర్చున్నవారికి తట్టని చిక్కు మరొకటి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో గడువుకు అలవాటైన తీరు ఒకటుంది. పదో తరగతి పరీక్ష ఫీజు మొదలుకొని ఇంటర్ ఫీజు, ఎప్‌సెట్ దరఖాస్తు వరకు దేనికైనా అపరాధ రుసుము లేకుండా ఫలానా తేదీ, ఇంత రుసుముతో ఫలానా తేదీ అని మెట్లు మెట్లుగా ముందే ప్రకటిస్తారు. ఆఖరి మెట్టు మీద కట్టాల్సిన రుసుము చూస్తే కడుపు మండుతుంది, నిజమే. అది డబ్బున్నవాడి మెట్టే. అయినా అది ఎక్కడుందో, ఏ తేదీన ఉందో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మా పిల్లలు, తల్లిదండ్రులు ఆ పద్ధతిలో పెరిగినవారు. "ఇంటర్ పరీక్షలు కానివ్వండి సార్, ఫైన్ కట్టి వేద్దాం" అని నిశ్చింతగా చెబుతారు. నీట్‌కు, సీయూఈటీకి ఫైన్ కట్టే మెట్టు లేదని ఎంత చెప్పినా నమ్మరు. నమ్మేసరికి పని అయిపోతుంది.

ఎన్‌టీఏ దగ్గర మెట్లు లేవు కానీ పొడిగింపులు ఉన్నాయి. సీయూఈటీ మొదలైన 2022లో గడువు మే 6 అన్నారు, 22 చేశారు, ఆ తర్వాత కూడా మళ్ళీ తెరిచారు. 2023లో మార్చి 12 అన్నది మార్చి 30 అయింది, ఏప్రిల్‌లో ఇంకోసారి తెరిచారు. 2024లో మార్చి 26 కాస్తా 31 అయింది, అదీ దాటి ఏప్రిల్ 5 అయింది. ఏటా పొడిగించాల్సి వస్తోందంటే మొదట చెప్పిన తేదీలోనే లోపం ఉందని ఎవరికైనా అర్థమవుతుంది. నా అభ్యంతరం అంతకంటే పెద్దది. పొడిగింపును దయగా భావించి మీ అధికారులు ఇస్తుండవచ్చు. కానీ అది ఎవరికి చేరుతోంది? రోజూ వెబ్‌సైట్ చూసేవాడికి, కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాడికి. గడువు సంగతే ఆలస్యంగా తెలిసినవాడికి పొడిగింపు సంగతి సకాలంలో ఎలా తెలుస్తుంది? ఇప్పటికే ఒక అవకాశం ఉన్నవాడికి రెండోది ఇస్తున్నారు, ఒక్కటీ లేనివాడికి ఏదీ అందడం లేదు. 2025లో సీయూఈటీకి పొడిగించిన రెండు రోజుల్లో ఒకటి ఆదివారం.

2024 నీట్ ముచ్చట ఇంకా విచిత్రం. మార్చి 9న ముగియాల్సింది 16కు జరిపారు, సరే. మళ్ళీ ఏప్రిల్ 9, 10 తేదీల్లో రెండు రోజులపాటు కొత్త దరఖాస్తులకు తలుపు తెరిచారు. ఆ ఏప్రిల్ 9 మాకు ఉగాది. కళాశాలకు సెలవు, మీసేవకు సెలవు, హాస్టల్ పిల్లలు ఊళ్ళలో. ఆ రెండు రోజుల వ్యవహారం మీద తర్వాత సుప్రీంకోర్టులో కూడా ప్రశ్నలు లేచాయి. అక్కడి వాదనల జోలికి నేను పోను. పండగ పూట తెరిచి మరునాడు మూసే తలుపులో నుంచి మా ఊరి పిల్లలు దూరలేరన్నదే నా మాట.

ఇదంతా ఎందుకింత పట్టింపుగా చెబుతున్నానంటే, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన మాట అది. 2023 డిసెంబరులో పార్లమెంటు బిల్లు ఆమోదించింది, మరుసటి ఏడాదే తరగతులు మొదలయ్యాయి. విజయనగరం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. గిరిజన బిడ్డల కోసం వాళ్ళ గడప దగ్గరికే తెచ్చిన ఈ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకు రహదారి సీయూఈటీ. మా కళాశాలలో ఒక కోయ అమ్మాయి ములుగులో ఆర్థికశాస్త్రం చదవాలనుకుంది. వసతిగృహంలో ఉండి ఇంటర్ పరీక్షలు రాస్తున్నంత కాలం ఆమెకు ఫోను అందుబాటులో లేదు. పరీక్షలు ముగించుకుని ఇంటికి వెళ్ళాక, గడువు ముగిసిందనీ, మధ్యలో పొడిగించారనీ, అదీ ముగిసిందనీ మూడు వార్తలూ ఒకేసారి తెలిశాయి. మూడు సబ్జెక్టులకు ఎస్టీ విద్యార్థి కట్టాల్సిన 800 రూపాయలు ఆమె తండ్రి ఫిబ్రవరిలోనే పక్కన పెట్టి ఉంచాడు. ఇప్పుడు ఆమె దగ్గరలోని డిగ్రీ కళాశాలలో చేరింది. బాగానే చదువుతోంది. కానీ ఆమె కోరుకున్నది అది కాదు.

గడువు అన్నాక ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని మీరు అనవచ్చు. గీయండి. గట్టిగా గీయండి, చెరపకండి. ఆ గీత ఎక్కడ పడుతుందో ఆరు నెలల ముందు చెప్పమనే అడుగుతున్నాను. ఇది చేతకాని పని కాదు. 2023 సెప్టెంబరులో ఎన్‌టీఏ మరుసటి ఏడాది జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ పరీక్షల తేదీలను ఒకే ప్రకటనలో ఇచ్చింది. నీట్ మే 5 అని అప్పుడే చెప్పింది, అదే రోజున జరిపింది. దరఖాస్తు తేదీలను మాత్రం అందులో రాయలేదు. పరీక్ష తేదీ ఏడు నెలలకు పైగా ముందు తెలిసినప్పుడు దరఖాస్తు ఆఖరి తేదీ ఎందుకు తెలియదు? 2025 సెప్టెంబరు చివర్లో కూడా 2026 జేఈఈ మెయిన్ కోసం ఆధార్, కేటగిరీ ధ్రువపత్రాలు ముందే సరిచూసుకోండని ఎన్‌టీఏ హెచ్చరించింది. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. రాష్ట్రం ఇచ్చే బీసీ ధ్రువపత్రం వేరు, కేంద్ర నమూనాలోని ఓబీసీ పత్రం వేరు అని తెలియక తహసీల్దారు కార్యాలయం చుట్టూ ఆఖరి వారంలో తిరిగే పిల్లలు మా దగ్గర ఏటా ఉంటారు. పత్రాలు సిద్ధం చేసుకోమని ముందే చెప్పినవారు అదే కాగితం మీద తేదీ కూడా వేస్తే పోయేదేముంది?

2024 నీట్ గొడవల తర్వాత ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన మీరే ఏడుగురితో కమిటీ వేశారు. అది 101 సిఫార్సులు చేసింది. పరీక్ష కేంద్రాల భద్రత మీద, ప్రశ్నపత్రాల రవాణా మీద ఇప్పుడు అందరి దృష్టీ ఉంది, ఉండాల్సిందే. దరఖాస్తు దశ మీద కూడా అందులో కాస్త పెట్టండి. ఇంటర్ రెండో సంవత్సరం తరగతులు నడుస్తున్న రోజుల్లోనే, అంటే దసరా నుంచి సంక్రాంతి లోపు, దరఖాస్తులు తీసుకోండి. వివరాలు అప్పుడు నింపి, రుసుము తర్వాత కట్టే వీలు కల్పించండి. గడువు రాత్రి 11:50 అని పెట్టడం మానేసి, పనిదినాన సాయంత్రం ఐదింటికి ముగించండి. మా మండల కేంద్రంలో నెట్ సెంటరు షట్టరు రాత్రి ఎనిమిదికి పడిపోతుంది, ఆఖరి బస్సు అంతకన్నా ముందే వెళ్ళిపోతుంది. ఆ మిగతా గంటలు ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారికే పనికొస్తాయి. సర్వర్ మొరాయించిన సందర్భంలో తప్ప పొడిగించవద్దు. ఒకవేళ పొడిగిస్తే ఆ సంగతి వెబ్‌సైట్‌లో ఒక పీడీఎఫ్‌గా పెట్టి ఊరుకోకుండా, ఇంటర్ బోర్డుల ద్వారా ప్రతి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్‌కు పంపండి. ఇంటర్ ఫీజు గడువు మారితే మా ప్రిన్సిపాల్‌కు ఆ సాయంత్రమే తెలుస్తుంది. సీయూఈటీ గడువు మారితే పేపర్లో చూసి తెలుసుకుంటాం, పేపరు వచ్చిన రోజున.

రాబోయే నీట్, సీయూఈటీ దరఖాస్తులకైనా ఈ మార్పు చేయండి. సంక్రాంతి సెలవులకు ముందు మా కళాశాలలో తల్లిదండ్రుల సమావేశం పెడతాం. మిర్చి పనులు ముమ్మరం కాకముందు వాళ్ళు అందరూ వచ్చే సమావేశం అదొక్కటే. ఆ లోగా ఆఖరి తేదీ మా చేతికి ఇవ్వండి. ఎవరి ఫోనుకు ఓటీపీ రావాలో, ఆ రోజు ఎవరు కూలికి వెళ్ళకుండా ఆగాలో అక్కడే మాట్లాడుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడు
ములుగు జిల్లా, తెలంగాణ